సోమవారమే గీసిన మంగళవారం గడ్డం

కత్తితో గడ్డం ఎన్ని రోజులకొకసారి గీసుకుంటే మంచిదన్న ప్రశ్న ఒకప్పుడు మా ఇంట్లో, మా ఫ్యాక్టరీ దవాఖానాలో, చివరికి గేటు ముందు జరిగిన కార్మికుల మీటింగులో కూడా చర్చకు వచ్చిందంటే ఈ రోజుల్లో ఎవరూ నమ్మరు. ఆ రోజుల్లోనూ నమ్మలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు మా కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంటులో కింది అంతస్తు కుర్రవాడొకడు మడత కత్తి తెప్పించుకున్నాడు. దానితో పాటు నురగ కుంచె, గంధపు సబ్బు, వాటన్నిటినీ నిలబెట్టడానికి ఒక చెక్క స్టాండు కూడా తెప్పించుకుని, ఎన్ని రోజులకొకసారి వాడితే మంచి ఫలితం ఉంటుందో ఫోనులో వెతుక్కుంటున్నాడు. నన్ను అడగలేదు. లిఫ్టులో రోజూ కలుస్తాడు, నా చెంపలు రోజూ చూస్తాడు, అయినా అడగడు. నాకు కోపం వచ్చిన మాట నిజమే. (నాకు కోపం రావడం కొత్త కాదని మా ఇంట్లో వాళ్లు అంటారు. వాళ్ల మీదా కోపమే.) అతను అడగకపోయినా చెబుతాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు కోసం సొంత ముఖాన్ని పెట్టుబడిగా పెట్టిన మనిషిని ఈ చుట్టుపక్కల నేనొక్కడినే.

ఎనభైలలో మాది సంగారెడ్డి పక్కన, పోతిరెడ్డిపల్లి దాటాక ఒక ఊరు. తరాలుగా వ్యవసాయం. బావి అడుగు కనబడిన ఏడాది మా బాపు నన్ను పొలం గట్టు మీద నుంచి లేపి పటాన్‌చెరు బస్సు ఎక్కించాడు. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలేసింది గానీ నేను చదువును వదల్లేదు. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితం దగ్గర నుంచి బస్సులో కిటికీ పైన రాసిన నిబంధనల దాకా కంటికి దొరికిందల్లా చదివేవాడిని. అయితే బజ్జీల కాగితం ఎప్పుడూ సగమే ఉంటుంది కదా. కాగితం చిరిగిన చోట నా విద్య ఆగిపోయేది, మిగతా సగం నేనే ఆలోచించి పూరించుకునేవాడిని. ఈ పద్ధతి వల్ల నాకు తెలియని విషయం అంటూ లేకుండా పోయింది.

రంగులకు కావలసిన రసాయనాలేవో తయారుచేసే ఫ్యాక్టరీలో టెంపరరీగా కుదిరాను. నా పని బయట ఎండలో, ఖాళీ డ్రమ్ములు కడగడం. లోపల ప్లాంటులో ఆపరేటర్లు ఉండేవారు. వాళ్లకు నీలం డ్రెస్సు, ముందు ఇనుము ఉన్న బూట్లు, ముఖానికి రబ్బరు మాస్కు. ఆ మాస్కులు తగిలించుకుని వాళ్లు తాపీగా అటూ ఇటూ తిరుగుతుంటే, నేను నీళ్ల పైపు పట్టుకుని డ్రమ్ము నిండి పొర్లుతున్నా చూసుకోకుండా నిలబడేవాడిని. ఈ జన్మకు ఆ డ్రెస్సు దొరికితే చాలనుకునేవాడిని. ఆ ఏడాది టెంపరరీల్లో కొందరిని పర్మనెంటు చేసి ప్లాంటులోకి తీసుకుంటామన్నారు. పరీక్ష ఒకటే, మాస్కు పరీక్ష. ముఖానికి మాస్కు తొడిగి, గాలి వచ్చే చోట అరచేత్తో మూసి, ఊపిరి లోపలికి పీల్చమంటారు. రబ్బరు ముఖానికి అతుక్కుపోతే పాస్. గడ్డం మాసి ఉంటే వెంట్రుకల సందుల్లోంచి గాలి దూరుతుంది, రబ్బరు అతుక్కోదు, ఇక డ్రమ్ముల దగ్గరికే. ఈ పరీక్ష పెట్టే సూపర్‌వైజరును మేము ఊపిరి సార్ అనేవాళ్లం. నున్నటి చెంపతో రానివాడు లైన్లో నిలబడనవసరం లేదని ఆయన ముందే చెప్పేశాడు. చెప్పి, పరీక్ష మంగళవారం పెట్టాడు.

మంగళవారం అనగానే మా వైపు పల్లెల వాళ్లమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మంగళ, శుక్ర, శనివారాల్లో ముఖానికి కత్తి తగలకూడదు. అమావాస్య సంగతి చెప్పనే అక్కర్లేదు. మంచి రోజైనా సరే, ఇంట్లో దీపం పెట్టాక కూడదు. సెలూన్లు కూడా మంగళవారం బందే. మిగతావాళ్లు ఇంట్లో పెద్దల కళ్లు కప్పి ఫ్యాక్టరీ నల్లా దగ్గర గీసుకుంటామన్నారు. నాకు ఆ దారి లేదు. మా నాయనమ్మ సాయంత్రం నేను గడప దాటగానే చెంప తడిమేది. చూపు మందగించాక ఆమె లోకాన్ని అరచేత్తోనే చూసేది. ఆ అరచేయి ఊపిరి సార్ అరచేతి కన్నా కచ్చితమైనది. పైగా (ఇది చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు) నాకూ ఆ పట్టింపు ఉండేది. పర్మనెంటు కావలసిన రోజునే నియమం తప్పితే, ఆ పర్మనెంటు ఎంతకాలం నిలుస్తుందో ఎవరికి తెలుసు.

ఇక కత్తి సంగతి. అది మా మిలిటరీ కాకది. మా బాపు తమ్ముడు పటాలంలో పనిచేసి వచ్చి, అక్కడి నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక మడత కత్తి, దాన్ని పదును పెట్టే తోలు పట్టీ, ఇతరులకు ఆర్డర్లు వేసే అలవాటు వెంట తెచ్చుకున్నాడు. నాకు ఫ్యాక్టరీలో పని దొరికిందన్న సంతోషంలో ఆ కత్తిని, పట్టీని నాకిచ్చాడు. బ్లేడుతో గీసుకునేవాళ్లంటే ఆయనకు చిన్నచూపు. ఎన్ని రోజులకొకసారి గీసుకోవాలని అడిగితే, రోజూ అన్నాడు.

"రోజూ పొద్దుగాల, సల్లనీళ్లతోని. బార్డర్ల మంచు పడ్తున్నా ఇడువలేదు. గీ వారాలు గిట్ల మాకు లెవ్వు."

"బార్డర్ల నీకు అడిగేటోళ్లు లేక గీసుకున్నవ్," అంది నాయనమ్మ వక్కాకు దంచుకుంటూ. "ఇది ఇల్లు. ఇండ్ల దీపముంది."

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో సెలూన్ నడిపే మామను కూడా అడిగాను. మూడు రోజులకొకసారి, అంతకన్నా ముందు కత్తి పెడితే చర్మం అలిగిపోతుందని ఆయన తేల్చాడు. (మనుషులు ఆయన దగ్గరికి సగటున మూడు రోజులకొకసారి వచ్చేవారని నాకు తర్వాత తట్టింది.) నా సొంత చదువును కూడా సంప్రదించాను. ఒకసారి బజ్జీల కాగితంలో గడ్డం మీద వచ్చిన వ్యాసం దొరికి దాచుకున్నాను. మంచి ఫలితం కోసం కత్తితో గడ్డాన్ని వారానికి, అన్నంతవరకు స్పష్టంగా ఉంది. ఆ తర్వాత నూనె మరక.

ఇంతమంది ఇన్ని రకాలుగా చెప్పాక, నా అలవాటు ప్రకారం మిగతా సగం నేనే ఆలోచించాను. రేపు మొలవబోయే గడ్డం ఎక్కడి నుంచో ఊడిపడదు కదా. ఈ రోజే చర్మం కింద సిద్ధంగా ఉంటుంది, తెల్లారి బయటికి రావడమే తరువాయి. కాబట్టి సోమవారం నాడు సోమవారం గడ్డం తీసి అక్కడితో ఆగకుండా, లోపల కాచుకుని ఉన్న మంగళవారం గడ్డాన్ని కూడా అదే కత్తితో అందుకుంటే, మంగళవారం ముఖానికి కత్తి తగలదు, చెంప నున్నగానూ ఉంటుంది. ఈ లెక్కలో తప్పెక్కడుందో ఇప్పటికీ నాకు ఎవరూ చూపలేదు. నొచ్చింది ముఖమే గానీ లెక్క కాదు.

మిలిటరీ కాకకు ఈ ఆలోచన నచ్చింది. శత్రువు బయటికి రాకముందే లోపలికి వెళ్లి కొట్టడం పటాలంలో కూడా ఉందన్నాడు. నాయనమ్మ మాత్రం చాలాసేపు నమిలింది, వక్కను, విషయాన్ని. మంగళవారం గడ్డాన్ని సోమవారం తీస్తే అది ఏ వారం కింద లెక్కకొస్తుందన్నది ఆమె సందేహం. చివరికి తీర్పు ఇచ్చింది.

"ఇంక బయటికి రాలేదు గద. రానిదానికి వారమేడిది. గీసుకో బిడ్డా."

సోమవారం సెలవు పెట్టాను. దీపం పెట్టే వేళకు ముందే అయిపోవాలి గనుక మధ్యాహ్నం నుంచే వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాను. ఒకసారి పై నుంచి కిందికి గీశాను, అది సోమవారానిది. ఒకసారి కింది నుంచి పైకి గీశాను, అది మంగళవారానిది. అయినా అరచేతికి ఎక్కడో గరుకు తగులుతోందని కాక అనుమానపడి, అడ్డంగా ఇంకో రౌండు కొట్టమని ఆర్డరు వేశాడు. ఆ మూడో రౌండు ఏ వారానిదో ఎవరికీ తెలియదు. చివర్లో పటిక రాసుకుంటే కళ్ల వెంట నీళ్లు కారాయి గానీ, చెంప మాత్రం నిగనిగలాడే వంకాయలా తయారైంది. నాయనమ్మ తడిమి చూసి, పుట్టిననాడు కూడా ఇంత నున్నగా లేవని మెచ్చుకుంది.

తెల్లారి అద్దంలో చూసుకుంటే ముఖం లేదు. కల్లంలో పండు మిరపకాయలు ఆరబోసినట్టు దద్దుర్లు, చెవి నుంచి చెవి దాకా. నాయనమ్మ అరచేత్తో తడిమి, లోపలికి వెళ్లి పసుపు నూరుకొచ్చి పట్టించింది. కడుక్కుంటే పసుపు సగం పోయింది, సగం పోలేదు. ఎర్రటి ముఖం మీద పచ్చటి మరకలతో పటాన్‌చెరు బస్సు ఎక్కాను. నా పక్క సీటు పటాన్‌చెరు దాకా ఖాళీగానే ఉంది.

పరీక్షకు బొంబాయి నుంచి వచ్చిన పెద్ద మేనేజరు కూడా కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. ఊపిరి సార్ మాస్కు తొడిగి, అరచేయి అడ్డం పెట్టి, పీల్చమన్నాడు. పీల్చాను. రబ్బరు ఎంత గట్టిగా అతుక్కుందంటే, తీయడానికి ఆయన రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. పిసరంత గాలి దూరలేదు. ఆ రోజు లైన్లో అందరికన్నా బాగా పాసైంది నేను. ఈ మాట రికార్డులో ఎక్కడా లేదు గనుక ఇక్కడ చెబుతున్నాను. ఎందుకు లేదంటే, రబ్బరు రాచుకుని ఊడి వచ్చాక నా ముఖం చూసిన పెద్ద మేనేజరు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. జరిగి, ఇతను ఏ ప్లాంటులో పనిచేస్తాడని అడిగాడు. డ్రమ్ములు కడుగుతాడన్నారు. ఆ డ్రమ్ముల్లో ఏముంటుందని అడిగాడు. ఊపిరి సార్ చేతిలోని మాస్కు తుడవడం మొదలుపెట్టాడు.

నన్ను ఫ్యాక్టరీ దవాఖానాకు పంపారు. అక్కడి గోలీల డాక్టరు (ఏ జబ్బుకైనా అదే తెల్ల గోలీ ఇస్తాడని ఆ పేరు) దూరం నుంచే చూసి, రసాయనం ఒంటికి సరిపడలేదన్నాడు. కత్తి సార్, నిన్న మూడుసార్లు గీసుకున్నానన్నాను. మరి ఈ పచ్చ రంగేమిటన్నాడు. పసుపు సార్ అన్నాను. రంగుల ఫ్యాక్టరీలో పనిచేసి ముఖం మీద రంగుతో వచ్చినవాడు అది పసుపంటే ఏ డాక్టరు నమ్ముతాడు. ప్లాంటుకు పనికిరాడని రాయబోయాడు. పర్మనెంటు చేతికి అందబోయి, ఒక దద్దురు వెనక ఆగిపోయింది.

ఇంతలో జెండా అన్న వచ్చాడు. ఆయన మా యూనియన్ లీడరు. ప్లాంటులో గాలి ఆడటం లేదు, లోపలి గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు పెట్టండని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు, ఎవరూ వినడం లేదు. నా ముఖం చూడగానే ఆయన ముఖం వెలిగింది. చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తీసుకుపోయి, ఒక డ్రమ్ము బోర్లించి దాని మీద నిలబెట్టాడు. నేను కడిగిన డ్రమ్మే.

"గీ తమ్ముని మొఖం చూడుండ్రి. బయట డ్రమ్ములు కడిగినోనికే గిట్లయితే, లోపల పనిచేసేటోని గతేంది?"

"అన్నా, గిది కత్తితోనైంది," అన్నాను డ్రమ్ము మీది నుంచే, అందరికీ వినబడేట్టు. "సోమారం మూడుసార్లు గీసుకున్న."

జెండా అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "చూసిండ్రా, పోరగాన్ని ఎంత భయపెట్టిండ్రో," అన్నాడు. దానికి వచ్చిన చప్పట్లు నేను జీవితంలో ఇంకే మాటకూ వినలేదు.

పెద్ద మేనేజరుకు నా మాట నమ్మాలనే ఉంది, నమ్మితే ఆయనకు ఫ్యాన్ల ఖర్చు తప్పుతుంది. పిలిపించి, కుర్చీ వేసి, నింపాదిగా అడిగాడు. మంగళవారం గీసుకోకూడదు గనుక మంగళవారం గడ్డాన్ని సోమవారమే తీశానని, మొదటి రౌండు ఎందుకు, రెండో రౌండు ఎందుకు, అన్నీ విడమరచి చెప్పాను. ఆయన హిందీలో, ఏ మనిషైనా అలా చేస్తాడా అని ఊపిరి సార్‌ను అడిగాడు. ఊపిరి సార్ మా జిల్లా మనిషే. ఆయన నేల చూస్తూ, చేస్తారు సార్, అన్నాడు. మేనేజరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇద్దరినీ యూనియన్ కొనేసిందన్న నిర్ణయానికి వచ్చాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. అబద్ధం చెబితే నమ్మకపోవడం న్యాయం. ఉన్నది ఉన్నట్టు చెబితే యూనియన్ వాళ్లు మేనేజ్‌మెంటుకు భయపడ్డ మనిషిననడం, మేనేజ్‌మెంటు వాళ్లు యూనియన్ మనిషిననడం ఎక్కడి న్యాయం. మళ్లీ గీసుకుని చూపిస్తాను, మళ్లీ ఇలాగే అవుతుంది, అప్పుడన్నా నమ్ముతారా అన్నాను. ఆ మాట అందరికీ నచ్చింది. ముందు ఈ దద్దుర్లు మానాలి, మానేదాకా కత్తి ముట్టొద్దు, ఫ్యాక్టరీలో అడుగు పెట్టొద్దు, మానాక తన ఎదుటే గీసుకోవాలి అని డాక్టరు షరతు పెట్టాడు.

పక్షం రోజులు ఇంట్లో కూర్చున్నాను. గడ్డం పెరిగింది, దద్దుర్లు పోయాయి. నాయనమ్మ అన్ని వారాలూ సమానంగా పాటిస్తున్నానని సంబరపడింది. అవమానం పాలైంది మిలిటరీ కాక ఒక్కడే. తన కత్తి మీద నింద పడిందని, పటాలం పరువు పోయిందని ఆయన తిండి కూడా సరిగ్గా తినలేదు. ఆ పక్షం రోజులూ కత్తిని తోలు పట్టీ మీద అటూ ఇటూ నూరుతూనే ఉన్నాడు. ఎందుకు కాకా అంటే, ఈసారి నలుగురిలో తీసే కత్తి అన్నాడు. నేను ఆపలేదు. ఆపాల్సిందని అప్పుడు నాకు తట్టలేదు.

బుధవారం, మంచి రోజు చూసుకునే వెళ్లాను. దవాఖానా గదిలో డాక్టరు, పెద్ద మేనేజరు, ఊపిరి సార్, జెండా అన్న వరసగా కూర్చున్నారు. స్టూలు మీద నేను, ఎదురుగా చేతి అద్దం. నురగ పట్టించి మొదలుపెట్టాను. కత్తి చెంప మీద ఎలా పోయిందంటే, తగిలినట్టే లేదు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, అడ్డంగా, మూడు రౌండ్లూ కొట్టాను. పటిక రాసుకున్నాను, మంట లేదు. అప్పుడే నాకు లోపల భయం మొదలైంది. చాయ్ తెప్పించారు. అందరూ చాయ్ తాగుతూ నా చెంప వైపు చూస్తున్నారు. నేను అద్దంలో చూస్తున్నాను. ఒక్క దద్దురు, కనీసం ఒక్కటి లేస్తే చాలు, నేను ఆపరేటర్ని. చెంప గిల్లి చూశాను, ఎర్రబడి మళ్లీ మామూలైపోయింది. చాయ్ అయిపోయింది. పోయినసారి తెల్లారాకే లేచాయి, రేపటిదాకా ఆగండన్నా ఎవరూ ఆగలేదు. జెండా అన్న లేచి వచ్చి, వేలి వెనకవైపుతో నా చెంప మెల్లగా రాశాడు.

"పసిపోరని బుగ్గ ఉన్నట్టున్నది సార్. కత్తి దోషమైతే గిట్ల ఉంటదా?"

డాక్టరు కూడా తడిమి చూసి అవునన్నాడు. పెద్ద మేనేజరు నన్ను కాదు, డాక్టరును చూస్తూ, తాను ముప్పయ్యేళ్లుగా గీసుకుంటున్నా తన ముఖం ఇంత నున్నగా ఎప్పుడూ రాలేదన్నాడు.

తర్వాతి సంగతులు ఫ్యాక్టరీ వేగంతోనే జరిగాయి. ఎండలు ముదరకముందే ప్లాంటులో పెద్ద ఫ్యాన్లు బిగించారు. నన్ను పర్మనెంటు చేశారు, స్టోర్సులో. ప్లాంటు గీత దాటి నేను లోపలికి పోకూడదని ఆర్డరు వేశారు, నా ఆరోగ్యం దృష్ట్యా. నీలం డ్రెస్సు వేసుకున్నవాళ్లు కిటికీ దగ్గరికి వచ్చి మాస్కు అడిగితే తీసి ఇవ్వడం నా ఉద్యోగం. ఫ్యాన్లు వచ్చాక దగ్గు తగ్గిందని, ఇంటికి పోయాక అన్నం రుచి తెలుస్తోందని వాళ్లు ఆ కిటికీలోంచే నాకు చెప్పేవారు. ఒకాయనైతే భార్యతో చేయించి గారెలు తెచ్చాడు. అందుకని నేను పూర్తిగా కోప్పడటానికి కూడా వీల్లేకుండా పోయింది. కోపం ఉంది, పెట్టుకోవడానికి చోటు లేదు. మధ్యలో ఏళ్ల తరబడి, వచ్చిన ప్రతి కొత్త సూపర్‌వైజరుకూ అసలు సంగతి చెప్పి చూశాను. వాళ్లు ఓపికగా విని, ఆ రోజు నుంచి నా దగ్గరి మాస్కులు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకునేవారు.

రిటైరయిన రోజు చిన్న సభ పెట్టారు. జెండా అన్న అప్పటికే బాగా పెద్దవాడైపోయాడు, కర్ర ఊతంతో వచ్చాడు. శాలువా కప్పి, కార్మికుల కోసం తన ముఖాన్ని ఇచ్చిన మనిషి అని నా గురించి మాట్లాడాడు. ఇక ఊరుకోలేక మైకు అందుకున్నాను. మంగళవారం గురించి, సోమవారం గురించి, మూడు రౌండ్ల గురించి, కాక పక్షం రోజులు నూరిన కత్తి గురించి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. కుర్రవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు, ఎంత నిగర్వి అని చప్పట్లు కొట్టారు. వచ్చి కూర్చున్నాక జెండా అన్న నా చెవి దగ్గరికి వంగాడు.

"ఇంక దేనికి భయం తమ్మీ. రిటైరైనవ్ గద. ఇప్పుడన్నా నిజం చెప్పరాదు."

ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, చెక్క స్టాండు కుర్రవాడిలాంటి వాళ్ల చేతికే కత్తి వదిలేశాను. అతను ఎప్పుడైనా లిఫ్టులో నోరు తెరిచి అడిగితే, కత్తి పదును మీద మనసు పెట్టి, పక్షానికొకసారి గీసుకో, అంతకన్నా నున్నటి చెంప రాదని చెబుతాను. రుజువు కావాలంటే మాత్రం నా దగ్గర లేదు. అప్పుడప్పుడు ముఖం కడుక్కుంటూ అద్దంలోకి చూస్తే, దవాఖానా స్టూలు మీద కూర్చుని, ఒక్క దద్దురు కోసం తన చెంపను తానే బతిమాలుకుంటున్న పడుచువాడు గుర్తొస్తాడు. అందరి మీదా వచ్చే కోపం అతని మీద రాదు. ఆ గదిలో నన్ను నమ్మినవాడు అతనొక్కడే.